పడినవాడికి నూట పదిహేడు

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. 117–111.

తేదీ పోతనాళ దగ్గరి ఒక వలస రైతుల క్యాంపుది. అంకె ఆ క్యాంపులో కాపురముంటున్న రాఘవులుది. అమెరికాలో శనివారం రాత్రి జరిగే బాక్సింగ్ పోటీలు ఇక్కడికి ఆదివారం ఉదయానికి చేరతాయి కనుక, పరాయివాళ్ల ముక్కులు పగలడాన్ని ఆయన పదకొండేళ్లుగా ఇడ్లీ తింటూ చూస్తున్నాడు. చూసి ఊరుకోడు. చారల నోట్‌బుక్కులో గళ్లు గీసుకుని ప్రతి రౌండుకూ మార్కులు వేస్తాడు. గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది. పెద్ద పోటీకి పన్నెండు రౌండ్లు. చివరికి ఎవరి మొత్తం ఎక్కువైతే వాడే విజేత.

రాఘవులుకు యాభై రెండేళ్లు. తుంగభద్ర కాలువ కింద వరి పండించడానికి గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. ఉన్న రెండెకరాలూ కౌలుకిచ్చి, ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. గంటకొకసారి ఆవిరి పీడనం ఎంతుందో చూసి గోడకు వేలాడే కాగితంలో రాయడం ఆయన విధి. షిఫ్టులోని ఎనిమిది గంటల అంకెలనూ ఆయన మొదటి టీ తాగుతూనే రాసేస్తాడు. ఆవిరి అంత తొందరగా మారదనీ, మారితే చప్పుడే చెబుతుందనీ ఆయన సిద్ధాంతం. ఇరవై ఏళ్లలో బాయిలరు పేలలేదు కాబట్టి దీన్ని అనుభవం అంటాడు. పేలి ఉంటే ఏమనేవాడో తెలియదు.

బాక్సింగ్ మీద ఆయన అభిప్రాయాలు రెండు తరగతులు: కారణం చెప్పేవి, చెప్పనివి. మొదటి తరగతిలో ఇప్పటివరకు ఏదీ నమోదు కాలేదు. ఒంటినిండా పచ్చబొట్లు ఉన్నవాడికి ఎడమచేయి పనిచేయదు. దెబ్బ తిని నవ్వినవాడు ఎనిమిదో రౌండు దాటడు. బరువు ఎక్కువున్నవాళ్లది అసలు ఆటే కాదు, గేదెల పోట్లాట. న్యాయనిర్ణేతలు గుడ్డివాళ్లు, కాకపోతే అమ్ముడుపోయినవాళ్లు. ఇక ఒక్క దెబ్బతో ఎదుటివాణ్ణి పడగొట్టడమంటే ఆయనకు పరమ అసహ్యం. అది లెక్కలు రానివాడు చేసే పని. ఇంత తెలిసిన మనిషి జన్మలో ఎవరి మీదా చేయి చేసుకోలేదు. మిల్లు గేటు దగ్గర ఒకసారి మేక పొడిచినప్పుడు కూడా ఆయనే పక్కకు తప్పుకున్నాడు.

ఈ తీర్పులు పదకొండేళ్లుగా వంటింటి గడప దాటలేదు. ఆ ఫిబ్రవరిలో దాటే అవకాశం వచ్చింది. మాన్విలో కుర్రవాళ్లకు బాక్సింగ్ నేర్పే శివరాజ్, పదహారో తేదీన పోతనాళ మార్కెట్ యార్డులో పోటీలు పెడుతున్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలు కావాలి, ఇద్దరే దొరికారు. అతని దగ్గర శిక్షణ తీసుకుంటున్న పావని, రాఘవులును పెదనాన్నా అని పిలిచే పక్కింటి అమ్మాయి, మా పెదనాన్న ఉన్నాడని చెప్పింది. ఆయన మార్కులు వేసే పద్ధతి చూడటానికి తొమ్మిదో తేదీ ఉదయం శివరాజ్ వస్తానన్నాడు. న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చోవడానికి రాఘవులు బుధవారం నాడే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. పిల్ల పుట్టినప్పుడు కూడా ఆయన ఇంత ముందుచూపు చూపలేదని భార్య కుసుమ పావనితో అన్నది.

ఆదివారం ఉదయం శివరాజ్, పావని వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. మొదటి పోటీలో అక్కడి న్యాయనిర్ణేతలు ముగ్గురూ నల్ల నిక్కరును గెలిపించారు. రాఘవులు పుస్తకంలో తెల్ల నిక్కరు గెలిచింది. ముగ్గురూ ఒకే తప్పు చేయడమే కుట్రకు రుజువని శివరాజ్‌కు వివరించాడు. శివరాజ్ మర్యాదగా ఇంకో ఇడ్లీ తీసుకున్నాడు.

అసలు పోటీ ఎర్ర నిక్కరుకూ నీలం నిక్కరుకూ. మూడో రౌండు నడుస్తుండగా, గడపలో చిక్కుళ్లు వలుస్తున్న కుసుమ తలెత్తింది.

"ఆ ఎర్ర నిక్కరోడు కొట్టినప్పుడల్లా ఎడంచెయ్యి దించేస్తన్నాడు. పడతాడు చూడండి."

చట్నీ సంగతి చూడమని రాఘవులు ఆమెకు సలహా ఇచ్చాడు.

ఏడో రౌండులో ఎర్ర నిక్కరు ఎడంచేయి దించాడు, పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టినా లేవలేదు. పోటీ అక్కడితో ముగిసింది. నోట్‌బుక్కు మూసేలోపే శివరాజ్ చేయి చాచి తీసుకున్నాడు. పావని అతని భుజం మీదుగా తొంగి చూసింది. పన్నెండు గళ్లూ నిండి ఉన్నాయి. ఎర్ర నిక్కరుకు 117, నీలం నిక్కరుకు 111.

"పెదనాన్నా, ఏడో రౌండులో పడిపోయినోడు పన్నెండో రౌండు ఎట్టా గెలిచాడు?"

రాఘవులు టీవీ వైపు వేలు చూపించాడు.

"నిలబడి ఉంటే గెలిచేవాడే."

శివరాజ్ ఆ కాగితం చించి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ పోయిందని రాఘవులు ముఖంలో స్పష్టంగా తెలుస్తోంది. కానీ మూడో మనిషి కోసం శివరాజ్ అప్పటికే నాలుగు ఊళ్లు తిరిగి ఉన్నాడు.

"వచ్చే ఐతారం రా, రాఘవులన్నా. కుర్చీ నీదే. గాని మా దగ్గర పుస్తకం ఉండదు. రౌండుకొక చీటీ. గంట కొట్టినంక ఇస్తం, రాయంగనే గుంజుకుంటం."

రాఘవులు అది తనకు దక్కిన గౌరవంగా స్వీకరించాడు.

తర్వాతి ఆదివారం మార్కెట్ యార్డులో తెల్లచొక్కా రింగుకు రెండడుగుల దూరంలో కూర్చుంది. మొదటి పోటీ ఇద్దరు మాన్వి కుర్రవాళ్ల మధ్య. గంట మోగింది, మూడు నిమిషాలు గడిచాయి, మళ్లీ గంట మోగింది. చీటీలు వచ్చాయి. మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలు రాసి ఇచ్చేశారు. రాఘవులు కలం పట్టుకుని మూడో వరుసలో ఉన్న కుసుమ వైపు చూశాడు. కుసుమ రింగు వైపు చూస్తోంది.

చీటీ ఖాళీగా వెళ్లింది. శివరాజ్ వచ్చి, ఎవరికి ఇస్తావని మెల్లగా అడిగాడు.

"ఇద్దరూ కొట్టుకున్నారయ్యా," అన్నాడు రాఘవులు.

రెండో చీటీ కూడా ఖాళీగానే వెళ్లింది. మూడో రౌండుకు ముందు, కళ్లలో ఎండ పడుతోందని ఆయనే కుర్చీ దిగాడు. రింగు మీద షామియానా ఉంది. ఆ కుర్చీలో శివరాజ్ ఒక పీటీ మాస్టారును కూర్చోబెట్టాడు.

నాలుగో పోటీలో పావని గెలిచింది, ముగ్గురి తీర్పుతోనూ. అందరికంటే గట్టిగా రాఘవులే చప్పట్లు కొట్టాడు. సాయంత్రం ఇంట్లో మాత్రం, ముగ్గురూ ఒకే మాట చెప్పారంటే ఆలోచించాల్సిన విషయమేనన్నాడు.

"దగ్గర్నించి చూస్తే ఏం తెలీదే, కుసుమా," అన్నాడు. "టీవీలో అయితే తెలిసిపోద్ది."

మర్నాడు సోమవారం. మిల్లులో మొదటి టీ తాగుతూ ఎనిమిది గంటల అంకెలూ రాసేశాడు. ఆ కాగితాన్ని గంటగంటకూ ఎవరూ గుంజుకోరు.