లప్పం పూసిన గంటలు

గంటలు చూడగానే నా గుండె జారిపోయింది. పిడుగురాళ్లలో లారీ షెడ్డు నడిపే భాయ్ చేత పట్టుబట్టి చేయించుకున్న ఇనుప గంటలవి. లారీల పాత ఎయిర్ ట్యాంకులు కోసి, ఒకటి విచ్చిన పత్తికాయలా, ఒకటి తోక తిరిగిన మిరపకాయలా, ఒకటి ఏ ఆకారమూ కాకుండా వంచాడు. వాటి కోసమే ఒక వాయింపు కూర్చుకున్నాను. కర్రతో ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా ఉండి, ఇంకో గంట కొట్టాలి.

సాయంత్రం నరసరావుపేటలో కచేరీ. మధ్యాహ్నం షెడ్డుకు వెళితే, గంటలన్నిటికీ సొట్టలు కనపడకుండా మందంగా లప్పం పూసి, లారీ బాడీకి వేసినట్టు ఎర్రరంగూ తామరపూలూ వేసి ఉన్నాయి. కొట్టి చూశాను. టక్. గుమ్మడికాయ మీద కొట్టినట్టుంది.

"ఏంది భాయ్ ఇది? నా కొంప ముంచావు గదా!"

"పెయింటింగ్ లేకుండా నా షెడ్డులోంచి ఏ బండీ బయటికి పోదు తమ్ముడూ. సొట్టలతో పంపితే జనంలో నీకే గదా నామోషీ?"

అంత ప్రేమగా ముంచినవాణ్ణి తిట్టడానికి నోరెట్లా వస్తుంది? నాకు వచ్చింది. కడుపునిండా తిట్టాను.

ఎందుకంటే మా నాన్నతో పందెం కాశాను. ఆయన పెళ్ళిళ్ళలో డోలు వాయిస్తాడు, పక్కన నేనూ వాయిస్తాను. "రేకులు బాదుతుంటే ఎవురు వింటార్రా? జనం మధ్యలో లేచిపోయారనుకో, ఆ ఇనుము అమ్మేసి బుద్ధిగా డోలు పట్టుకోవాల" అన్నాడు. పౌరుషం కొద్దీ సరేనన్నాను.

భాయ్ గ్యాస్ టార్చి అందుకున్నాడు. తాను వేయించిన పూలను తానే కాల్చి, లప్పం గీకేశాడు. సగం గంటలకే టైం చాలింది. అవి నల్లగా మాడి, ఖంగుమంటున్నాయి. మిగతావి పూలతో ముద్దుగా, మూగగా ఉన్నాయి.

అన్నీ లారీ ఎక్కించాం. దారిలో బండి కుదుపుకి నల్లగంట మోగింది. కోపంతో పూలగంట మీద ఒక్కటేశాను. టక్! ఆ మోతకు అడ్డం తగిలింది. మళ్ళీ కొట్టాను. ఒకటి సాగదీస్తుంటే ఇంకొకటి తుంచేస్తోంది, అచ్చం అత్తాకోడళ్ళ వాదులాట. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ నా వాయింపులో లేనిది ఇదే! పాతదంతా వదిలేసి, ఆ లారీలోనే కొత్తది కట్టేశాను.

హాల్లో మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వూ లేదు. చివరి దెబ్బ మోగి మోగి ఆగేదాకా ఒక్క కుర్చీ కదల్లేదు. ఆపైన ఈలలు, చప్పట్లు! భాయ్ కుర్చీ ఎక్కి మరీ చప్పట్లు కొడుతున్నాడు.

నాన్న స్టేజీ ఎక్కాడు.

"చూశావా నాన్నా, గెలిచాను!" అన్నాను, గర్వంగానే.

ఆయన గంటనే చూస్తున్నాడు. "నేను వాయిస్తంటే జనం తింటా, కబుర్లు చెప్పుకుంటా ఉంటార్రా. ఒక్క పెళ్ళిలో కూడా ఇట్టా నోరు మూసుకుని వినలా."

నా చేతిలోంచి కర్ర లాక్కున్నాడు.

"జరుగు. వీళ్ళు లేచేలోగా నేనూ ఒకటి కొడతా."