పసుపు పూసిన గాజు గొట్టం

కొత్త ఫ్యాక్టరీని మొదటిసారి నడిపించి, అది దారిన పడేదాకా దగ్గరుండి, తాళాలు అప్పగించి వెళ్లిపోవడం నా పని. కమిషనింగ్ ఇంజనీర్ అంటారు. మా సొంతూరు కోడేరులో ఆ మాట ఎవరికీ తెలియదు. నేను ఎక్కడా కుదురుగా పనిచేయనని మాత్రం అందరికీ తెలుసు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి నేను సంపాదించుకున్న పేరు అది.

నేను కోరుకున్నది ఒక్కటే. సాయంత్రం బస్సెక్కి నాగర్‌కర్నూల్ వచ్చి, భార్యతో, కూతురితో కూర్చుని అన్నం తినే ఉద్యోగం. వనపర్తి శివార్లలో వేరుశనగ నూనె శుద్ధి చేసే ప్లాంటు కడుతున్నప్పుడు దాని యజమాని ఆ మాట ఇచ్చాడు కూడా.

"నడిపిచ్చి చూపెట్టు సారూ. ఈడ్నే ఉండిపో. పర్మనెంట్."

పక్కన ఆయన బామ్మర్ది ఉన్నాడు, విన్నాడు. ఆ రోజు వాళ్లిద్దరికీ గాజు గ్లాసుల్లో చాయ్ వచ్చింది, నాకు కాగితపు కప్పులో. అది కూడా నాకు గుర్తుంది.

మొదలుపెట్టే రోజు పూజ జరిగింది. యజమాని తల్లి పసుపు గిన్నె పట్టుకుని, గడపకు పూసినట్టే ప్రతి యంత్రానికీ పసుపు పూస్తూ వచ్చింది. నూనె ట్యాంకు పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నూనె ఎంతవరకు ఉందో ఆ గొట్టంలో కనబడుతుంది. ఆమె దానికి కింది నుంచి తన చెయ్యి అందినంత ఎత్తు దాకా దట్టంగా పసుపు పట్టించి, బొట్లు పెట్టింది. నేను జేబు రుమాలు తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏంది బిడ్డా, పూసిన పసుపు తుడుస్తవా? సాయంత్రం దాంక ముట్టొద్దు."

యజమానికి చెప్పాను. గొట్టం కనబడకపోతే ట్యాంకు నింపలేమన్నాను.

"ముహూర్తం దాటిపోతది సారూ. జర సర్దుకో. నువ్వు పైన వాల్వు కాడ ఉండు, గొట్టం కాడ మా బామ్మర్ది నిలవడ్తడు."

పైకెక్కి వాల్వు తిప్పాను. కాసేపటికి ఎంత వచ్చిందని అరిచి అడిగాను.

"సగం గూడ రాలే! ఇంకా ఇడువు!" అన్నాడు బామ్మర్ది కింది నుంచి.

మళ్లీ అడిగాను.

"గాడ్నే ఉన్నది సార్! చెంబుతోని పోస్తున్నవా ఏంది?"

కింద అందరూ నవ్వారు. వేరుశనగ నూనె పసుపు రంగు. ఆయన చూస్తున్నది నూనె కాదు, ముసలమ్మ చెయ్యి ఆగిన చోట పసుపు అంచు. అది ఎన్నటికీ పైకి రాదు; దాన్ని దాటిన పల్చటి నూనె ఆయన కంటికి ఖాళీ గాజులాగే కనబడింది. అనుమానం వచ్చి వాల్వు కట్టేసి కిందికి పరుగెత్తాను. అప్పటికే ట్యాంకు మూత కింది నుంచి పొంగిన నూనె, ముగ్గు మీదుగా పారి, చుట్టాలు విడిచిన చెప్పుల్లో నిండుతోంది.

"ట్యాంకు నింపరాదు, ఇంజనీరంట!" అన్నాడు యజమాని అందరి ముందు.

"నేనేమన్న సదువుకున్ననా బావా? అడిగిండు, చెప్పిన," అన్నాడు బామ్మర్ది.

పసుపు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తింది ముసలమ్మే. "పసుపు తుడువనీకె చెయ్యి పెట్టిండు. గందుకే గిట్లయింది."

ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నాగర్‌కర్నూల్ బస్టాండులో ముక్కూ మొహం తెలియని వ్యాపారి ఒకడు, "నూనె పారవోసిన సారు నువ్వే కదా?" అని అడిగాడు. ఈ చుట్టుపక్కల ఏ మిల్లువాడూ నన్ను లోపలికి పిలవలేదు. పరాయి రాష్ట్రాల్లో ప్లాంట్లు నడిపిస్తూ, నా కూతురు పెరగడం ఫోనులో చూశాను.

పోయినేడు అదే యజమాని ఫోను చేశాడు. గద్వాలలో రెండో ప్లాంటు పెట్టాడట. "అయిందేదో అయింది. ఇది నడిపియ్యి, నిన్ను వనపర్తి ప్లాంటుల పెట్టుకుంట." నమ్మకూడదని తెలుసు. అయినా వెళ్లాను. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజే నా భార్య బీరువాలో ఒక అర ఖాళీ చేసింది. పెళ్లయినప్పటి నుంచీ నా బట్టలు బ్యాగులోనే ఉంటాయి.

ఈసారి పసుపు గిన్నెతో యజమాని భార్య వచ్చింది. నేను ముందే గొట్టానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, కవరు మీదే పూసింది. పూజ కాగానే కవరును జాగ్రత్తగా ఒలిచి, పసుపు చెదరకుండా పక్క గోడకు అతికించాను. నేనే గొట్టం దగ్గర నిలబడ్డాను. చుక్క నూనె కింద పడలేదు.

వారం తిరగకముందే వనపర్తి ఉద్యోగం సంగతి అడిగాను. అక్కడ మేనేజరు ఇప్పుడు ఆ బామ్మర్దే. ఆ రోజు ఆయనా గద్వాల వచ్చి ఉన్నాడు.

"రెండు ప్లాంట్లు సక్కగ నడుస్తున్నయి కద సార్. ఇంగ మీకేం పని ఉంటది? నడువని నాడు పిలుస్తం తియ్యిండ్రి," అన్నాడు బామ్మర్ది.

యజమాని ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. నా చాయ్ మళ్లీ కాగితపు కప్పులోనే వచ్చింది. నేను తాగలేదు. వాళ్లు గమనించలేదు.

ఆనాడు చెడిపోయిందని పంపించారు. ఈనాడు బాగా నడుస్తోందని పంపించారు. మూడోది ఇంకేముంటుందో నాకు తెలియదు.

బస్సు వనపర్తి దాటుతుంటే భార్య ఫోను చేసింది.

"మంచిగ నడిచిందా?"

"నడిచింది."

"మరి వనపర్తిల ఎప్పటి నుంచి?"

కిటికీలోంచి ఆ పాత ప్లాంటు పొగగొట్టం కనబడుతోంది. నా కాళ్ల దగ్గర బ్యాగు ఉంది.

"ఆ బీరువా అరలో బిడ్డ బట్టలు పెట్టు," అన్నాను.