చిలుక దిద్దిన ఆవిరిగొట్టం

మా రూమ్‌ల ఉండే పెద్దులుది ఎడారి దేశంల బహ్లా అనే ఊర్ల ఫర్నిచర్ పని. రెండువేల పదిహేనుల రంపపు పొట్టు పీల్చి పీల్చి ఆయాసం తెచ్చుకున్నడు. ఎండు తులసాకు కాలొద్దు, వేడిగాలి తగిలి దాని ఆవిరే గొంతులకు రావాలె అని చేతిల పట్టే కట్టెగొట్టం చెక్కుడు మొదలుపెట్టిండు. డ్యూటీ దిగినంక కుదురుగ కూసోడు, అన్నం తినడు. నాలుగు గొట్టాలు మాడినయి. ఐదోది కుదిరింది, దగ్గు తగ్గింది.

అంతటితోని ఊకుంటె వాడు పెద్దులెట్లయితడు? నిర్మల్ బొమ్మలు చేసే ఇంట్ల పుట్టినోడు, ఉత్త కట్టెను చూస్తె చేతులాగవు. గొట్టం లోపలా బయటా రంగేసి, వార్నిష్ కొట్టి, మీద చిలుకను దిద్దిండు. తెల్లారి వేడిచేసి పీలిస్తె రంగు పొగే వచ్చింది. దగ్గి దగ్గి కండ్లల్ల నీళ్లు.

“గీకెయ్‌రా దాన్ని!” అని మొత్తుకున్న.

“ఆగు, చిలుకకు కన్ను పెట్టుడు మరిచిన” అని దగ్గుకుంటనే బ్రష్ తీసిండు.