ఎదురుగా అనని మాట

మొహం మీద తిట్టినవాణ్ణి క్షమించగలను. చాటుగా రాసి, మర్నాడు నా క్యారేజీలోంచి రాజ్‌మా కూర అడిగి మరీ వేయించుకున్నవాణ్ణి మాత్రం ఈ జన్మలో క్షమించను.

అప్పట్లో హుకుంపేట దగ్గర ఒక బడిలో టీచరుగా చేసేదాన్ని. మా గిరిజనుల ఊరు ఆ బడి వెనక కొండ అవతలే. పాడేరులో అప్పుడప్పుడే నెట్ సెంటర్లు వచ్చాయి. బీయెడ్ పరీక్ష హాల్‌టికెట్ కోసం తోటి టీచరమ్మతో కలిసి వెళ్లాను. ప్రింటరు మొరాయిస్తుంటే ఆవిడ ఊసుపోక, టీచర్లు కబుర్లు రాసుకునే పేజీ ఒకటి తెరిచింది. తెరిచి గబుక్కున మూసేయబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"మా బడిలో ఒక కొండ మేడమ్ ఉంది. జాకెట్టు తొడుక్కోవడం నిన్న నేర్చుకుంది, ఇవాళ పాఠాలు చెబుతోంది. పక్కన కూర్చుంటే ఇప్పసారా కంపు." కింద జెండా పండగనాటి నా ఫొటో. రాసింది మా లెక్కల మాస్టారు. సొంత పేరుతోనే రాశాడు, దీనికి కంప్యూటర్ ఎక్కడ వస్తుందిలే అన్న ధైర్యం! అడుగున మా స్టాఫే నవ్వుతూ రాసిన రాతలు. నా ఒళ్లు మండిపోయింది.

"చూసినట్టు తెలియనివ్వకండి మేడమ్," అంది ఆవిడ. "నెట్‌లో రాసింది నెట్‌లోనే వదిలెయ్యాలి. బయట అడిగితే మర్యాదగా ఉండదు."

మర్యాదట! రాసినవాడికి లేని మర్యాద చదివినదానికి కావాలట!

ఇంటికొచ్చి, కాఫీ పళ్లు ఆరబోస్తున్న అయ్యకి చెప్పాను. నా గురించి చెడ్డగా రాశాడన్నాను గానీ ఏం రాశాడో చెప్పడానికి నోరు రాలేదు. అయ్య అడగనూ లేదు. మా ఊళ్లో దీనికో పద్ధతి ఉంది. మాట పడ్డవాళ్లు ఒక కోడిని పట్టుకెళ్లి, అన్నవాడి వాకిట్లో కూర్చుంటారు. నోరు విప్పరు. చాటున అన్న మాట వాడే మొహం మీద మళ్లీ అని, తప్పయిందని ఒప్పుకోవాలి. అప్పుడు ఆ కోడిని అక్కడే కోసుకుని అందరూ కలిసి తింటారు. దాంతో గొడవ సరి.

"ఎంత సదుకున్నోడైనా మనిసే కదే గుంటా. కూకుంటే ఆడే సెప్తాడు," అన్నాడు అయ్య.

ఆదివారం పొద్దున్నే అయ్య, ఊరి పెద్ద, నేను మాస్టారి వాకిట్లో కూర్చున్నాం. "ఏంటి మేడమ్, ఇలా వచ్చారు?" అన్నాడాయన. మేం పలకలేదు. ఆయన చూపు కోడి మీద పడింది. "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ! నాటుకోడే!" అని భార్యని పిలిచి కోడిని లోపలికి పంపించేశాడు. మాకు ప్లాస్టిక్ కప్పుల్లో టీ ఇప్పించాడు. ఎండ వాకిట్లోకి వచ్చేదాకా కూర్చున్నాం. ఆఖరికి, సంతకి వెళ్లాలంటూ తలుపేసుకున్నాడు.

ఆ వారంలోనే మళ్లీ నెట్ సెంటర్‌కి వెళ్లాను, ఒక్కదాన్నే. "కొండ మేడమ్ వాళ్ల నాన్న కోడి తెచ్చి, చేతులు కట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఏం కావాలో వాళ్లకే తెలీదు పాపం. పులుసు మాత్రం బ్రహ్మాండం."

నన్నంటే సరే, మా అయ్యనా! మర్నాడు స్టాఫ్‌రూంలో అందరి ముందూ అడిగేశాను. "మాస్టారూ, నెట్‌లో రాసింది ఇప్పుడు నా మొహం మీద అనండి."

ఆయన మొహం పాలిపోయింది. "సరదాకి రాసుకున్నదండీ. అయినా మా కబుర్లు మీరెందుకు చదివారు?" అన్నాడు. హెడ్మాస్టరు నన్నే మందలించాడు. సాయంత్రానికల్లా మాస్టారు ఆ రాతలన్నీ తీసేసి, అసలు నేనేమీ రాయలేదు పొమ్మన్నాడు.

ఇంటికెళ్లేసరికి అయ్య గోచీతో పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"అన్నాడేటి?"

"అనలేదయ్యా. ఇంక అనడు."

"అయితే నువ్వు సెప్పు. కోడి ఇచ్చినోణ్ణి, ఏటి రాసేడో నాను ఇనాల కదా."

చెప్పాను. జాకెట్టు మాట, సారా కంపు మాట, చేతులు కట్టుకున్న మాట. వాడు అనాల్సినవన్నీ మా అయ్య మొహం మీద అన్నది చివరికి నా నోరే. అయ్య గొడ్డలి పక్కన పెట్టాడు. దండెం మీది చొక్కా తీసి, నా ముందే, తన సొంత పెరట్లో, గుండీలన్నీ పెట్టుకున్నాడు.