తెర అలిసిపోయింది, లేవండి!

ఆవులప్పకు లోకంలో ఒక్కటే బెంగ, కంప్యూటర్ తెర అలిసిపోతుందని. మనుషులు అలిసిపోవడం చూశాం, ఎద్దులు అలిసిపోవడం విన్నాం. గోడకు తగిలించిన గాజుపలకకు కూడా ఒళ్లు నొప్పులుంటాయని వాదించిన మనిషిని మాత్రం నా జన్మలో ఈయన్నొక్కణ్ణే చూశాను.

సర్జాపుర రోడ్డులో మాది చందన సరోవర హైట్స్ అనే అపార్ట్‌మెంట్. అక్కడ చందనమూ లేదు, సరోవరమూ లేదు. వానాకాలంలో బేస్‌మెంట్లో మాత్రం రెండోదానికి లోటుండదు. నేను అక్కడి అసోసియేషన్ ఆఫీసులో గుమాస్తాను. ఆవులప్ప మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. తాతల నాటి నుంచీ దగ్గర్లోని ఆనేకల్ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం. పంపులూ పైపులూ ఆయనకు బాగా తెలుసు. కంప్యూటర్ సంగతికొస్తే, మౌసుకు తోక ముందుంటుందో వెనకుంటుందో కూడా తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియనివ్వడు.

ఈ తెర పిచ్చి పుట్టింది కంట్రోల్ రూములో. దాన్ని రూము అనడం మర్యాద. లిఫ్టు పక్కన కిటికీ లేని ఒక గూడు అది. అందులో పెద్ద తెర, దాని మీద గళ్లు గళ్లుగా సీసీ కెమెరాల బొమ్మలు, ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద భారతి. మదనపల్లె దగ్గర్నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఇక్కడికి రాకముందు మొగుడితో పాటు బిల్డింగు పనుల్లో కంకర మోసేది.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు అమరనాథ్ ఆమెకు పెట్టిన నియమం ఒకటే: డ్యూటీ అయ్యేదాకా కళ్లు తెర మీదే ఉండాలి. స్టూలు మీద నుంచి లేవాలంటే ఆమె నాకు ఫోన్ చేయాలి, నేను ప్రెసిడెంటుకు ఫోన్ చేయాలి, ఆయన ఎప్పుడూ ఏదో ఒక కాల్‌లో ఉంటాడు. భారతికి బాత్రూముకు అనుమతి తెప్పించడం కన్నా పాస్‌పోర్టు ఇప్పించడం సులువు.

ఈ అమరనాథ్ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. కాబట్టి ఆయన తెల్ల కారు నెలల తరబడి పార్కింగులో ఒకేచోట, ఒకే కెమెరా కింద, తపస్సు చేస్తూ ఉండేది. ఒకరోజు దాన్ని సర్వీసుకు పంపాడు. మధ్యాహ్నం ఏదో అర్జెంటు పనిపడి కంట్రోల్ రూముకు ఫోన్ కొట్టాడు.

"కారు వచ్చిందా?"

భారతి తెర చూసింది. "ఉండాది సార్."

టై కట్టుకుని దిగాడు మహానుభావుడు. కారు లేదు. "దొంగతనం!" అని అరిచాడు. గేటు కాపలా పెద్దన్న గేటు మూసేశాడు. స్కూలు వ్యాను లోపలే ఇరుక్కుంది, గ్యాస్ సిలిండర్ల బండి బయటే నిలబడింది. అమరనాథ్ కంట్రోల్ రూములోకి దూసుకొచ్చాడు. భారతి వేలు పెట్టి చూపించింది. "అదో సార్, అక్కడే ఉండాది కదా!" నిజంగానే ఉంది, తెల్లగా, కాస్త పలచగా. ఆయన మళ్లీ పార్కింగుకు పరిగెత్తాడు. మేం తెర మీద చూస్తున్నాం. ప్రెసిడెంటు గారు తన కారు బానెట్ మధ్యలోంచి నడుము దాకా మొలిచి నిలబడి ఉన్నారు.

అప్పుడు అర్థమైంది. కారు సర్వీసులోనే ఉంది. ఒకే బొమ్మ అన్నాళ్లు కదలకుండా ఉండేసరికి తెర మీద అచ్చుపడిపోయింది. కారు వెళ్లినా దాని నీడ వెళ్లలేదు.

వైరున్న ప్రతిదానికీ మా దగ్గర వైద్యుడు ఆవులప్పే. పిలిపించారు. ఆయన వచ్చి, జ్వరమొచ్చిన పిల్లకు చూసినట్టు తెర మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"కాలతా ఉండాది సార్. పాపం, అలిసిపోయిండాది."

"స్క్రీన్ అలిసిపోవడం ఏంటయ్యా?"

"పగలూ రాత్రీ ఒకే కారును మోస్తే అలిసిపోదా సార్? మీరు మోస్తారా? దానికి రెస్ట్ ఇయ్యాల. లేకుంటే కాలిపోతాది."

నేను పళ్ల బిగువున నవ్వు ఆపుకున్నాను. అమరనాథ్ మాత్రం నవ్వలేదు. కాలిపోతుందన్న మాటకు ఆయన ముఖం పాలిపోయింది. గంటకోసారి తెరను కాసేపు ఆర్పాలని, ఆ కాసేపూ గేటు క్యాబిన్లో ఉన్న చిన్న తెరను పెద్దన్న చూసుకోవాలని అక్కడికక్కడే ఉత్తర్వు వేశాడు.

అంతటితో ఆగితే ఆయన ఆవులప్ప ఎందుకవుతాడు? మర్నాడు తెర ఆర్పగానే భారతిని చూసి కసిరాడు.

"నువ్వేమమ్మా ఈడే కూర్చున్యావు? లెయ్. తెర పండుకున్నప్పుడు మనిషి ఎదురుగా ఉండకూడదు. ఊపిరి వేడి తగలతాది."

"యాడికి పోయేది అన్నా?"

"యాడికన్నా పో. ఈడ మాత్రం ఉండద్దు."

అప్పట్నుంచీ గంటగంటకూ ఆ తలుపు మీద దబదబా బాదడం, "తెర అలిసిపోయింది, లేవండి!" అని కేక వేయడం ఆయన దినచర్య. లిఫ్టు కోసం నిలబడ్డ పెద్దవాళ్లు ఆ కేకకు అదిరిపడేవారు.

వారం తిరక్కుండా తెరకు ఉక్కపోస్తోందన్నాడు. ఆ గూటికి ఫ్యాను వచ్చింది. తర్వాత గాలి మరీ పొడిగా ఉంది, తెర బీటలిస్తుందన్నాడు. గదిలో తేమ కావాలట. ఒక మూల కొత్త కుండ, నిండా నీళ్లు పెట్టించాడు. కుండ మీద గ్లాసు.

"తేమకు కుండ సరే అన్నా, గ్లాసెందుకు?" అన్నాను.

"కుండంటే గ్లాసుండదా అప్పా? ఏం చదువుకున్యావు నువ్వు!"

ఆ తర్వాత స్టూలు మీద పడింది కన్ను. కింద నుంచి చూస్తే చూపు ఏటవాలుగా తగిలి తెరకు గీతలు పడతాయట! చూపు తగిలి గీతలు! ఈ శాస్త్రాన్ని ప్రెసిడెంటు గారు శ్రద్ధగా తలాడిస్తూ విన్నారు. పెద్ద కంపెనీలో, పెద్ద ఉద్యోగం. స్టూలు పోయి, వీపుకు ఆనుకునే మెత్తటి కుర్చీ వచ్చింది.

నన్నూ వదల్లేదు. నెలాఖరు లెక్కల్లో తల మునకలై ఉంటే వెనక నుంచి వచ్చి నా మానిటర్ స్విచ్చి నొక్కేసేవాడు. "లేయప్పా సురేశూ, తెర అలిసింది. పోయి టీ తాగిరాపో." ఆయన్ని తిట్టుకుంటూ లేచేవాణ్ణి, తిట్టుకుంటూనే టీ తాగేవాణ్ణి. ఊరికే ఉండలేక ఆయనకు 'తెరల డాక్టరు' అని పేరు పెట్టాను. ఆ పేరు అపార్ట్‌మెంటంతా పాకింది. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు. అలాంటి మనిషిని వెక్కిరించడం కూడా దండగే.

ఇలా సాగుతుండగా సి బ్లాకు చైత్ర కమిటీలోకి వచ్చింది. కంప్యూటర్ల మధ్యే పుట్టి పెరిగిన అమ్మాయి.

"అంకుల్, ఒక స్క్రీన్‌సేవర్ పెడితే అయిపోతుంది కదా? బొమ్మ మారుతూ ఉంటుంది," అంది.

"ఆ మారే బొమ్మను మాత్రం మోసేదెవరు మేడం? ఆ తెరే కదా!"

చైత్ర చదివిన అంత చదువుకూ అందని మూర్ఖత్వం అది. కానీ ఆమె ఊరుకునే రకం కాదు. బొమ్మను తనంతట తానే అటూ ఇటూ కాస్త జరుపుకునే కొత్తరకం తెరలున్నాయని, వాటి మీద ఏదీ అచ్చుపడదని కనిపెట్టింది. ఆ మాట వినగానే అమరనాథ్ పొంగిపోయాడు. ఆదివారానికి మీటింగు పెట్టాడు. కొత్త తెర కొనాలి. విశ్రాంతి రద్దు. ఫ్యాను క్లబ్‌హౌసుకు, కుర్చీ ఆయన గదికి, కుండ చెత్తకు. కళ్లు మళ్లీ తెర మీదే.

శనివారం ఆ మీటింగు కాగితం నోటీసు బోర్డులో పెడుతుంటే భారతి వచ్చి నా వెనక నిలబడింది.

"అన్నా, మళ్లా మొదటి మాదిరే ఫోన్ చేసి అడుక్కోవాల్నా?"

"అలాగే ఉంది మరి."

"నా వల్ల కాదన్నా. తలనొప్పికి కండ్లు తెరవలేకుంటి అప్పుడు. దీనికన్నా కంకర మోసేదే మేలు. మానేస్తా." చెప్పి, చీర చెంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ వెళ్లి తెర ముందు కూర్చుంది. నాకు ఆ సాయంత్రం లెక్కలు కుదరలేదు.

పైగా అదేరోజు మన డాక్టరు గారు పంపు రూము తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి చెక్కేశారు. తిట్టుకుంటూ బస్సెక్కి ఆనేకల్ పోయాను. ఆయన భార్య చిక్కమ్మ తలుపు తీసింది. లోపల టీవీ మోగుతోంది. ఆమె పెట్టుకున్న రైతుల కార్యక్రమమేదో వస్తోంది. కానీ టమాటా తోట మీద, పై మూలన, వేరే న్యూస్ చానెల్ గుర్తు. కింద, ఎర్రటి పట్టీ ఒకటి దెయ్యంలా. టమాటాలు పోయి ఆవులొచ్చినా ఆ గుర్తూ పోలేదు, ఆ పట్టీ పోలేదు.

"చూడు నాయనా," అంది చిక్కమ్మ. "ఇంట్లో ఉండేంతసేపూ ఒకటే చానెలు పెడతాడు. ఆర్పడు, మార్చడు. ఆర్పయ్యా, టీవీ పాడైపోతాదంటే ఇంటేనా? ఇప్పుడు ఏం పెట్టినా ఆ గుర్తు పోనే పోదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమన్నా ఇది? ఊరందరి తెరలకూ వైద్యం చేసి, నీ ఇంట్లో తెరను ఇలా చంపుకున్నావా?"

ఆవులప్ప ఏమాత్రం సిగ్గుపడలేదు. "అది గాజు కదప్పా. పోతే పోతాది."

"మరి అక్కడ అలిసిపోతుంది, ఉక్కపోస్తుంది అని ఆ నాటకమంతా ఏంటి?"

ఆయన టీవీ గొంతు తగ్గించాడు. "మొదట నేను ఉన్నదే అడిగినానప్పా. ఆ పిల్లకు మధ్య మధ్య రెస్ట్ ఇయ్యండి సార్, కండ్లలో నీళ్లు కారతా ఉండాయి అన్నాను. సారు ఏమన్నాడు? కూర్చునే పనే కదా, రెస్ట్ ఏంటికన్నాడు. అదే తెరకు రెస్ట్ అంటే పరిగెత్తుకొచ్చె. నేనేం చేసేది చెప్పు?"

కుండ మీద గ్లాసు గుర్తొచ్చింది. మెత్తటి కుర్చీ గుర్తొచ్చింది. నెలాఖరులో నేను తిట్టుకుంటూ తాగిన టీలు కూడా గుర్తొచ్చాయి. ఈ మొద్దు మనిషి ఇన్నాళ్లూ మా అందరినీ వెర్రివాళ్లను చేశాడని కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆ మనిషి మీద ఉన్నట్టుండి ఎంతో ఇష్టమూ వచ్చింది. ఆ రెండోదాన్ని పైకి కనిపించనివ్వలేదు.

"రేపు ఏం చెప్తావు మరి?"

"అదే తోచలేదప్పా. కొత్త తెర అలిసిపోదంట కదా," అన్నాడు దిగులుగా. ఏ జబ్బూ తోచని ఆవులప్పను నేను చూడటం అదే మొదటిసారి.

ఆదివారం క్లబ్‌హౌసులో అందరూ చేరారు. టీలు అందించే వంకతో భారతి కూడా తలుపు దగ్గర నిలబడింది. చైత్ర కొత్త తెర గొప్పతనం వివరించింది. ఆవులప్ప లేచాడు.

"ఎంత కొత్తదైనా... తెర తెరే కదా సార్..." అని ఆగిపోయాడు. ఎవరో "డాక్టరు గారూ, మందు అయిపోయిందా?" అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

అప్పుడు నాకేం పూనిందో గానీ, లేచి నిలబడ్డాను. "సార్, ఈ కొత్త తెర బొమ్మను తనే జరుపుకుంటుంది కదా. అంటే పాపం, రోజంతా కదులుతూనే ఉంటుంది. ఊరికే నిలబడే దానికన్నా కదిలేది ఎక్కువ అలిసిపోదా సార్?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను. అమరనాథ్ కంగారుగా చైత్ర వైపు తిరిగాడు. "నిజమా?"

చైత్ర నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆవులప్పను చూసింది. ఆ తర్వాత ఆమె చూపు తలుపు దగ్గరికి పోయింది. అక్కడ భారతి ట్రే పట్టుకుని, ప్రెసిడెంటు ముఖంలోకే చూస్తూ నిలబడి ఉంది. చైత్ర కాసేపు అటే చూసింది.

"అవునంకుల్," అంది చివరికి, ఎంతో గంభీరంగా. "పైగా ఇది పాతదానికన్నా చాలా కాస్ట్లీ. రిస్క్ ఎందుకు?"

కాస్ట్లీ! ఆ ఒక్క మాటతో ప్రెసిడెంటు గారిలో కరుణ పొంగి పొర్లింది. విశ్రాంతి ఉంటుందన్నాడు, కుర్చీ ఉంటుందన్నాడు. "ఫ్యాను చాలదేమో, చిన్న ఏసీ పెట్టిద్దామా?" అని తనే అడిగాడు. తెర కోసం ఆయన కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

ఆవులప్ప గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. "పెడితే మంచిదే సార్. కుండ మాత్రం తియ్యద్దు."

తలుపు దగ్గర ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. భారతి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

బయటికొచ్చాక నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. భుజం పట్టుకుని ఆపి చీవాట్లు పెట్టాడు. "ఏమప్పా, తెరల గురించి అ ఆ లు కూడా తెలీకుండా అంతమంది ముందర అట్ల మాట్లాడేస్తావా? కదిలేది అలిసిపోతాదంట! ఎవరైనా నమ్ముతారా?"

మొన్న ఎండలు ముదిరాక మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖం నిండా బెంగ.

"సురేశూ, మన గేటుకు అడ్డం ఉండే ఇనుప కడ్డీ ఉండాదే, దానికి ఎండదెబ్బ తగిలిండాదప్పా. నీడ లేకుంటే వంగిపోతాది."

కిటికీలోంచి చూశాను. ఇనుప కడ్డీ నిక్షేపంగా ఉంది. దాని పక్కన పెద్దన్న తల మీద తువ్వాలు వేసుకుని, ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

నేను కాగితం తీసుకుని, గొడుగు ఎంత పెద్దది కావాలని మాత్రం అడిగాను.