కార్డు మీద పుంటికూర

మొన్న ఆదివారం మా కోడలు ఫోన్లో కూరగాయలు తెప్పించింది. వచ్చిన సంచిలో ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఆకుకూర కట్ట ఒకటి ఉంది, దాని మీద అంటించిన చీటీలో చక్కని అక్షరాలతో 'గోంగూర' అని రాసి ఉంది. ఆ మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. కోడలు, పాపం, ఆకుల్లో పురుగేమైనా కనిపించిందేమోనని కట్ట వెనక్కి పంపుదామా అని అడిగింది. పురుగు లేదు, ఆకు నవనవలాడుతోంది, తప్పంతా చీటీలోనే ఉంది. ఈ మంట సంగతి ఆ పిల్లకు చెబితే నవ్వుతుంది. రైతు బజార్లు కొత్తగా పెట్టిన రోజుల్లో కార్డుల కోసం వరుసలో నిలబడ్డ నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుంది కాబట్టి మీతోనే చెప్పుకుంటున్నాను.

మా ఇల్లు ఉప్పుగూడలో, రైలు పట్టాల పక్క గల్లీలో. మా ఎకరం పావు భూమి మాత్రం బార్కస్ దాటాక ఉండేది. ఒక బావి, దాని చుట్టూ ఆకుకూరల మడులు. పాతబస్తీలో రైతులుంటారా అని అడిగిన పెద్దమనుషులు నా జీవితంలో చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నేను మరిచిపోలేదు. ఉన్నాం, ఉండేవాళ్ళం. నాన్న పోయాక ఆ మడులన్నీ అమ్మే చూసుకుంది. నేను అప్పటికి పత్తర్‌గట్టిలో ఒక టైపింగు దుకాణంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో అర్జీలు, అఫిడవిట్లు కొట్టీ కొట్టీ, ఏ అధికారికి ఏ మాట గుచ్చుకుంటుందో నా వేళ్ళకే తెలిసిపోయేది.

రైతు బజారు వస్తోందని విన్నప్పుడు మా ఇంట్లో పండగే అయింది. అంతకుముందు అమ్మ తన కట్టలను మండీలో దళారుల ముందు దించి, వాళ్ళు విసిరికొట్టినట్టు చెప్పిన ధరకు తలవంచి వచ్చేది. ఇప్పుడేమో సర్కారు తానే అరుగు కట్టి, తక్కెడ ఇచ్చి, పండించినవాళ్ళే అమ్ముకోవాలి, మధ్యలో మరొకరు దూరకూడదు అంది. దానికోసం ప్రతి రైతుకూ ఫోటో ఉన్న కార్డు ఇస్తారు, ఆ కార్డులో రాసిన పంటలే అమ్మాలి. మంచి నియమం. ఎన్నో నియమాల మీద ఫిర్యాదులు రాసిన నేను ఆ నియమం మీద మాత్రం ఈనాటికీ ఒక్క మాట అనను. ఫోటో కోసం అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని స్టూడియోకు వెళ్ళిందంటే, ఆ కార్డు ఆమెకు ఎంతో మీకే తెలుస్తుంది.

అసలు పొరపాటు దరఖాస్తు దగ్గర జరిగింది. బజారు గుమాస్తా ఏమేం పండిస్తావని అడిగితే అమ్మ పాలకూర, తోటకూర, మెంతికూర, పుంటికూర అని చెప్పింది. ఆయన బల్ల మీద శాఖవారు అచ్చువేసి పంపిన పంటల జాబితా ఉంది, అందులో పుంటికూర లేదు, అదే ఆకుకు కోస్తా దిక్కు వాడే పేరు గోంగూర ఉంది. ఆయన ఎవరికీ చెప్పకుండా నాలుగోది గోంగూర అని రాసేశాడు. అమ్మకు చదువు రాదు. నాకు వచ్చు, కార్డు చేతికొచ్చిన రోజున చదివాను కూడా, అయినా పట్టుచీర ఫోటో చూసిన మురిపెంలో ఆ మాట నా కళ్ళకు ఆనలేదు. ఈ ఒక్క విషయంలో నా మీద నేనే అర్జీ పెట్టుకోవాలి.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. తరువాత దొంగతనంగా దళారులు దూరుతున్నారని తనిఖీలు మొదలయ్యాయి. గుమాస్తా కార్డులు పట్టుకుని అరుగు అరుగుకూ వచ్చి, కార్డులో ఉన్న పంట పేరు చదివి, అది చూపించమనేవాడు. ఆ పొద్దు నేను అక్కడ లేను గానీ, అమ్మ పక్క అరుగులో కూర్చునే అత్త, అంటే మా చుట్టం కాదు, వరసకు అత్త, అక్షరం పొల్లు పోకుండా నాకు ఎన్నోసార్లు చెప్పింది.

"గోంగూర ఏదమ్మా?"

"గోంగూర నాకాడ లేదు సారూ."

"మరి ఇదేమిటి?"

"పుంటికూర."

"పుంటికూర కార్డులో లేదు. గోంగూర అను, సరిపోతుంది."

"లేనిదాన్ని ఉన్నదని ఎట్లంట సారూ? మా అత్తమ్మ ఏసింది పుంటికూర, నేనేసింది పుంటికూర. గోంగూర ఏందో నాకెర్క లేదు."

వరుసంతా నవ్వింది. నవ్వు తన మీదనే అనుకున్నాడు గుమాస్తా. కార్డు తీసేసుకుని దాని వెనక, 'తన పంట పేరు తానే చెప్పలేని మనిషి రైతు కాజాలదు, దళారీ కావచ్చు' అని రాశాడు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ కామాతో సహా గుర్తుంది. అమ్మ ఇంటికొచ్చి, ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని, "దళారీ అంటే బ్రోకరే గద బిడ్డా?" అని అడిగింది. మట్టి ఇరుక్కుని గోళ్ళు నల్లబడ్డ ఆ చేతులకు నేను చెంబుతో నీళ్ళు పోశాను.

మరునాటి నుంచి అమ్మ బజారు గేటు బయట గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. వారానికి మూడుసార్లు అక్కడినుంచి లేపేవారు, మళ్ళీ కూర్చునేది. నేను దుకాణంలో అర్జీలు మొదలుపెట్టాను. మొదటిది వినయంగా, రెండోది కొంచెం బిగించి, మూడోది మండలం నుంచి జిల్లా దాకా నకళ్ళు పంపి. ప్రతిదానికీ ఒకటే జవాబు: సదరు పంట జాబితాలో లేదు. మా దుకాణం యజమాని, "ఆకుకూర కోసం సుప్రీం కోర్టుకు పోతవా ఏందమ్మా?" అని ఎగతాళి చేస్తూనే కాగితాలు మాత్రం వద్దనకుండా ఇచ్చేవాడు. ఐదో అర్జీలో నేను కాస్త మెత్తబడి, 'గోంగూర అనబడు పుంటికూర' అని కొట్టి అమ్మకు చదివి వినిపించాను.

"మన పోరి పేరు వాళ్ళ నోటికి తిరగకపోతే పక్కింటి పోరి పేరు పెట్టుకుంటమా? చింపు గది," అంది.

చింపాను. పక్క అరుగు అత్త కూడా, "ఒక్క మాట అను వదినా, నోరు అరిగిపోతదా?" అని బతిమాలింది. అప్పటికి వరుసలో అందరూ భయంతో గుమాస్తా ముందు గోంగూర అనడం నేర్చుకున్నారు. వాళ్ళ మీద కూడా నాకు కోపమే. ఎవరెవరు అన్నారో వరుసక్రమంలో చెప్పగలను.

ఏడో అర్జీలో ఒకటే అడిగాను: జాబితా చూడవద్దు, మనుషులను చూడండి అని. దానికి జవాబు కాగితం రాలేదు, అధికారే వచ్చింది. ఆ మేడం జీపు దిగి, నేరుగా గేటు బయట గోనెపట్టా మీదున్న అమ్మను లేపి, గంప చంకనెత్తించి, లోపలికి వెంటబెట్టుకెళ్ళింది. ఆమె వస్తోందని ముందే విని దుకాణానికి సెలవు పెట్టిన నేను వాళ్ళ వెనకే నడిచాను. ఎవరైనా భయపడి గోంగూర అన్న ఆ ఒక్క మాట అన్నారంటే అమ్మ శాశ్వతంగా దళారీయే.

మేడం అమ్మ గంపలోంచి ఎర్రకాడల కట్ట ఒకటి తీసి, ముందుగా ఆ అత్తకే చూపించింది. గుమాస్తా పక్కనే నిలబడి ఉన్నాడు. అత్త ఆయన్ని చూసింది, అమ్మను చూసింది, కొంగు నడుముకు దోపుకుంది.

"పుంటికూర మేడం. మా తాత ముత్తాతల కాంచి పుంటికూరనే."

రెండో అరుగు, పుంటికూర. మూడో అరుగు, పుంటికూర. నాలుగో అరుగు ముసలమ్మకు చెవుడు, ప్రశ్న వినపడక ముందే, "మస్తు లేతగుంది పుంటికూర, తీస్కో బిడ్డా," అంది. ఇక ఆ చివర నుంచి ఈ చివర దాకా అడగకపోయినా అరుస్తున్నారు. రోజూ కూరకొచ్చే బార్కస్ చాచా ఒకాయన ఈ లొల్లి ఏమిటో తెలియక మధ్యలో దూరి, "అంబాడా హై మేడమ్‌సాబ్, ఔర్ క్యా?" అని దాని ఉర్దూ పేరు చెప్పేసరికి మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే గుమాస్తా వైపు తిరిగి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారయ్యా అని అడిగింది.

ఆయన చెప్పుల వైపు చూశాడు. మాది నల్గొండ దిక్కు మేడం అన్నాడు. ఆ తరువాత, ఇన్ని నెలల్లో మొదటిసారి ఆఫీసు భాష వదిలి, "మేం గూడ పుంటికూరనే అంటం," అన్నాడు.

ఆ క్షణంలో లేచిన కేక పక్క రోడ్డు దాకా వినపడి ఉంటుంది. మేడం అక్కడే అమ్మ కార్డు తెప్పించి, వెనక రాసిన వాక్యాన్ని కొట్టేసి, ముందువైపు గోంగూర తీసేసి పుంటికూర అని తన చేత్తో రాసి ముద్ర వేసింది. మిగిలిన వరుస అంతా మాకూ అదే పేరు కావాలని పట్టుబట్టారు. గుమాస్తా ఎండలో ముక్కాలిపీట మీద కూర్చుని పదహారు కార్డులు దిద్దాడు. నేను కదలకుండా నిలబడి పదహారూ చూశాను. ఆరో కార్డులో కొమ్ము మరిచిపోతే చెప్పి పెట్టించాను. అమ్మ ఆ రోజు ఒక్క కట్టా అమ్మలేదు, గంపంతా వరుసలో పంచేసింది. మధ్యాహ్నం అందరం కలిసి ఆ అత్త ఇంట్లో పుంటికూర వేసి మటన్ వండుకున్నాం. అమ్మ గుమాస్తాకు కూడా ఒక గిన్నె పంపింది, ఆ తరువాత కూడా ఆయన ఇంటికి కట్టలు పంపుతూనే ఉండేది. ఆమె క్షమించింది. నేను క్షమించలేదు, గిన్నె మాత్రం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మా మడుల మీద ఇళ్ళు లేచాయి, చివరన మిగిలిన నాలుగు గుంటల్లో మా తమ్ముడు ఇంకా కూరలు వేస్తాడు. పంట నమోదు ఫోన్లో జరుగుతోందంటారు, అతని పేరు కొడితే ఖాళీ స్థలం అని వస్తోంది. నేను ఊరుకుంటానా, వెంటనే ఫోన్లోనే ఫిర్యాదు పెట్టాను. ఒక నంబరు వచ్చింది. మూడు రోజులకు, మీ సమస్య పరిష్కారమైందని కబురొచ్చింది. ఎవరూ వచ్చి చూడలేదు, ఇదేమిటని ఎవరూ అడగలేదు, తోటకూర మాత్రం మోకాలెత్తు పెరిగి ఉంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పరిష్కారమైంది. ఇప్పటికి పదకొండుసార్లు పరిష్కారమైంది. తప్పు రాసినా సరే, మా అమ్మ ఎదుట నిలబడి రాసి, అదే అరుగు ముందు దిద్దిన ఆ గుమాస్తా లాంటి మనిషి ఒక్కడు ఎక్కడైనా కూర్చుని ఉంటే, ఈ ముసలితనంలో కూడా రెండు బస్సులు మారి పోయి ఆయనతో కడుపునిండా కొట్లాడి వచ్చేదాన్ని.