భీమిలి పడవ

మాదన్నపేట మార్కెట్‌లో వంకాయలు తూస్తున్న ముసలాయన నా యాస విని ఆగాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"భీమిలి. వైజాగ్ పక్కన, సముద్రం ఒడ్డున."

ఆయన తక్కెడ కింద పెట్టేశాడు.

"చిన్నగున్నప్పుడు ఈడ లైబ్రరీల మీ ఊరి కథ చదివిన. నేను సముద్రం సూడలే, సముద్రమంటే నాకు మీ ఊరే. గా కథల ఓ పడవ తుఫాన్ల చిక్కింది. ఆఖరి పేజీలు ఎవడో చింపిండు. గప్పటిసంది ఫికరే. ఒడ్డుకొచ్చిన్రా వాళ్లు?"

పక్కింటివాళ్ల క్షేమం అడిగినట్టే అడిగాడు. ఆ పుస్తకం నేనెప్పుడూ చూడలేదు.

"వచ్చారు. అందరూ వచ్చారు," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు.

వేటకెళ్లిన మా నాన్న పడవ గురించి, ఒడ్డున కనబడ్డవాళ్లందరినీ అమ్మ ఇలాగే అడిగేది. ఆమెకు "వచ్చారు" అన్న మాట ఎవరూ చెప్పలేకపోయారు.